పసుపు రాసిన హద్దురాయి

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాదే మా ఊరి ఉపాధ్యాయుల కాలనీలో పదిహేడో నంబరు స్థలం నాలుగు ముక్కలైంది. రాష్ట్రం గురించి కాలనీవారు రెండు నెలలు బాధపడి ఊరుకున్నారు. పదిహేడో నంబరు గురించి పదకొండు నెలలు బాధపడ్డారు. ఆ బాధనంతా కాగితాల మీద పెట్టి నా బల్ల మీదికి పంపారు. అప్పటికి నేను ఆ మునిసిపాలిటీలో సర్వేయర్ని. రిటైరవడానికి ఇంకో మూడేళ్లుంది.

పాతపట్నం నుంచి శృంగవరపుకోట దాకా కొలత గొలుసు లాగించినవాణ్ణి. ఎన్ని బదిలీలయ్యాయి, ఏ గ్రేడులో దిగాను అన్నవి మీకు అక్కర్లేదు. వీడ్కోలు సభలో కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలం కూడా ఎవరూ కప్పుకోరు. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్నవాళ్లకి పనికొస్తుందని ఒక్క కేసు మాత్రం రాస్తున్నాను. అందులో నా తప్పులే ఎక్కువ. అందుకే బాగా గుర్తుంది.

గురువులు మావ

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా గొలుసు పట్టినాయన పేరు గురువులు. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. రికార్డులో నా కింద పనిచేసేవాడు, పని మాత్రం నాకు ఆయనే నేర్పాడు. నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు.

ఆయన చెప్పిన మొదటి సంగతి కొలత రోజు తిండి గురించి. మా ప్రాంతంలో హద్దు తగాదా ఉన్నచోట సర్వేయరు ఎవరి అరుగు మీద కూర్చున్నాడు, ఎవరి గ్లాసు పట్టుకున్నాడు అన్నదే తీర్పు. గొలుసు ఇంకా సంచిలోంచి తీయకముందే ఊరు తేల్చేస్తుంది. "కొలత రోజున మజ్జిగైనా తాగీకు బాబూ. దాహమైతే నీ సీసాలో నీల్లు తాగు. నువ్వు ఎవులింట తాగితే ఆలదే గెలుపంతారు" అనేవాడు గురువులు మావ. 

రెండోది రాళ్ల గురించి. లేఅవుట్ వేసి మూలమూలకీ హద్దురాళ్లు పాతుతాం కదా. మరుసటి నెలకి చూస్తే సగం రాళ్లుండవు. ఒకటి చాకిరేవుకి పోతుంది, ఒకటి మెట్టవుతుంది, ఒకదాని మీద ఎవరింట్లోనో చింతపండు దంచుతుంటారు. "రాయిని రాయిలాగ ఒగ్గేస్తే ఉండదు బాబూ. కాస్త పసుపు రాసి బొట్టెట్టీ. ఇంకెవుడూ సెయ్యెయ్యడు" అన్నాడు.

ఉపాధ్యాయుల కాలనీ లేఅవుట్ వేసింది మేమిద్దరమే. అప్పుడది చోళ్లు, అంటే రాగులు, పండే చేను. పది సెంట్ల చొప్పున స్థలాలు, మధ్యలో ఇరవై అడుగుల సందు. ఆ సందు మొదట్లో, ఎడమ అంచున మొదటి రాయి పాతాం. దాని నెత్తిమీద మా శాఖ గుర్తు, మూడు గీతల బాణం, ఉలితో చెక్కి ఉంది. నా జేబులో ఉన్న పసుపు పొట్లం విప్పి రాసింది నేనే. బొట్టు పెట్టింది ఆయన. అప్పుడు నాకది మంచి ఉపాయంగానే తోచింది.

ఆ తరవాత నాకు బదిలీ అయింది. పాతికేళ్లకి తిరిగొచ్చేసరికి మా రాయి అమ్మవారైపోయింది.

పన్నెండు అభ్యంతరాలు

ఆ అమ్మవారున్నది జగన్నాథం మాస్టారి ఆవరణలో. మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరై, కాలనీ సంఘానికి అధ్యక్షులయ్యారు. రాయి చుట్టూ చిన్న గుడి కట్టించారు, గుడిలోకి కుక్కలు రాకుండా గోడ కట్టించారు. గోడ అమ్మవారికి ఆరడుగులు అవతల, అంటే సందులో వచ్చింది. అమ్మవారికి అడ్డమెవరు చెబుతారు. పక్కనున్న నలుగురూ వంకర లేకుండా ఉండాలని తమ గోడల్ని కూడా మాస్టారి గోడ వరసకి జరిపారు. ఇరవై అడుగుల సందు పద్నాలుగైంది.

సందుకి కుడి పక్కన ఖాళీగా ఉన్నది పదిహేడో నంబరు. దాని యజమాని విశాఖపట్నంలో స్థిరపడి, అమ్మకానికి పెట్టాడు. పది సెంట్లూ ఒకేసారి కొనే నాథుడు దొరకలేదు. నాలుగు ముక్కలు చేసి అమ్ముకుంటానని దరఖాస్తు పెట్టాడు. మొదటి ముక్కకి బయానా ఇచ్చింది నూకాలమ్మ.

నూకాలమ్మది కళింగపట్నం పక్క మత్స్యకారుల కుటుంబం. పెనిమిటి వేటకి పోతాడు. ఆమె చేపల బుట్ట పట్టుకుని బస్సెక్కి మా ఊరొచ్చి అమ్ముకునేది. తుఫానుకి ఒడ్డునున్న ఇల్లు పోయాక ఊళ్లోనే అద్దెకి దిగారు. నాలుగేళ్లలో నాలుగిళ్లు మారారు. ప్రతిచోటా ఒకటే మాట, వాసన. ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేని గోడలు ఆమెకి కావాలి. రెండున్నర సెంట్లు చాలు. దాని కోసం పుస్తెల తాడు తప్ప ఉన్నదంతా ఊడ్చి పెట్టింది.

కాలనీ సంఘం అభ్యంతరాలు పన్నెండు. నేను అన్నీ చదివాను. ముత్యాల్లాంటి అక్షరాలు, మాస్టారి చేతిరాత. భూగర్భ జలాలు అడుగంటుతాయి. మురుగు కాలవ పొంగుతుంది. గాలి వెలుతురు తగ్గుతాయి. పిచ్చుకలు వలసపోతాయి. పిల్లల చదువుకి ఏకాగ్రత లోపిస్తుంది. కాలనీ సంస్కృతి దెబ్బతింటుంది. చివరిదీ గట్టిదీ ఏమిటంటే, సందు పద్నాలుగు అడుగులే గనక నిబంధనల ప్రకారం నాలుగిళ్లకి చాలదు. లేదూ పటంలో ఇరవై ఉందంటారా, ఆ లోటు ఆరడుగులూ పదిహేడో నంబరు వైపు నుంచే పోయి ఉండాలి గనక వాళ్ల స్థలంలోంచే తీసుకోవాలి. అలా తీసుకుంటే మిగిలేది నాలుగు ముక్కలకి చాలదు.

పన్నెండింట్లో చేప అన్న మాట ఒక్కచోట లేదు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే. అభ్యంతర పత్రం వచ్చినప్పుడు రాసినవి చదవండి, తప్పదు. రాయనిదేమిటో వీధిలో నాలుగడుగులు నడిచి కనుక్కోండి. నేను నడిచాను. మూడో ఇంటావిడ గేటు దగ్గరే చెప్పేసింది. "సూడండి, మాకు ఆల మీద కోపమేటి లేదు. కానీ వాసనొస్తాది కదా" అంది. ఆవిడ చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో కడిగిన నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఉన్నాయి. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేను తిన్న భోజనం

మొదటిసారి స్థలం చూడ్డానికి వెళ్లింది ఆదివారం. మాస్టారే ఆదివారం రమ్మన్నారు, కాలనీవారంతా ఇళ్ల దగ్గరుంటారని. ఎండ మాడిపోతోంది. సీసాలో నీళ్లు పదింటికే అయిపోయాయి. 

నూకాలమ్మ పదిహేడో నంబరులో తుమ్మ చెట్టు కింద నిలబడి ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగండి బాబూ" అంది. కొలత రోజు తాగనమ్మా అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు, చెంబు కింద పెట్టింది. పావుగంట తరవాత మాస్టారు వచ్చి, "ఏంటండీ, ఈ ఎండలో. లోపలికి రండి, భోజనం చేసి వెళ్దురు గాని" అని భుజం మీద చెయ్యి వేశారు. వెళ్లాను.

ఎందుకు వెళ్లానంటారా. ఆయన మాస్టారు, పంచె కట్టుకున్న పెద్దమనిషి. ఆయనింట్లో తింటే తినడంలా ఉండదు, మర్యాదలా ఉంటుంది. నూకాలమ్మ చెంబు దగ్గర గుర్తొచ్చిన గురువులు మావ మాట మాస్టారి విస్తరి దగ్గర గుర్తురాలేదు. నియమాలు మనకంటే చిన్నవాళ్ల దగ్గరే గుర్తొస్తాయి. ఇది నాకు సిగ్గుగానే ఉంది, ఉన్నట్టే రాస్తున్నాను.

కోనాం చేప పులుసు పెట్టారు. చాలా బాగుంది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తిన్నాక అరుగు మీద కూర్చుంటే ఎదురుగా అమ్మవారు. పసుపు మందంగా పేరుకుపోయి ఉంది. గుడి మీద పాలరాయి పలక, దానిమీద "స్వయంభూ" అని బంగారు రంగు అక్షరాలు. నేను విప్పిన పసుపు పొట్లం కళ్లముందు కనబడింది. ఆ క్షణంలోనే నాకు మొత్తం కేసు తెలిసిపోయింది. రాయి పాతినచోటే ఉంది, గోడే జరిగింది. పోయిన ఆరడుగులూ ఈ అరుగు ముందున్నాయి.

నోరు విప్పలేదు. పొట్టలో ఆయన పులుసుంది. అదీగాక మీ అమ్మవారు మా శాఖ రాయి అని చెబితే కాలనీవారు నన్ను ఊరు దాటనిస్తారా అని భయం. ఆఫీసుకొచ్చి, "సందు వెడల్పు విషయమై మరింత విచారణ అవసరం" అని రాశాను. అప్పటికే ఊరంతా మాట పాకిపోయింది, సర్వేరు బాబు మాస్టారింట్లో తిన్నాడు, ఇక చేపలమ్మకి ఇల్లు రాదు అని.

తగు చర్య

నా పైన ఉన్న ప్లానింగ్ ఆఫీసరు చాలా తెలివైనవాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో అవుననీ రాయలేదు, కాదనీ రాయలేదు. ప్రతి కాగితం మీదా "పరిశీలించి తగు చర్య తీసుకొనగలరు" అని రాసి కిందికి పంపేవాడు. కింద ఉన్నది నేను. నేను పరిశీలించి పైకి పంపేవాణ్ణి. ఆయన తగు చర్యకి కిందికి పంపేవాడు. ఆ ఫైలు మెట్లెక్కి దిగినంతగా మా అటెండరు కూడా ఎక్కి దిగలేదు. ఇలాంటి పై అధికారి దొరికితే అదృష్టమనుకోకండి. మన పిరికితనానికి ఆయన సంతకం పెట్టి పెడతాడు, అంతే.

పదకొండు నెలలు అలా గడిచాయి. నూకాలమ్మ ప్రతి సోమవారం వచ్చేది. బుట్ట గేటు బయట పెట్టి, చేతులు కడుక్కుని, వరండాలో దూరంగా నిలబడేది. ఒక సోమవారం బుట్టతోపాటు రెండు ట్రంకు పెట్టెలు కూడా ఆటోలో ఉన్నాయి. అయిదో ఇల్లు కూడా ఖాళీ చేయించారు. 

"ఇప్పుడెక్కడుంటారమ్మా" అన్నాను.

"సేపల బజార్లో రేకుల షెడ్డున్నాది కదా, అక్కడే. నా కూతురు గుంట నర్సింగు పరీచ్చలు రాస్తన్నాది. ఆ కంపులో సదవలేనంతాది, నేనేటి సేసేది" అంది. మళ్లీ తనే, "బాబూ, ఒకటడగతాను, కోపం సెయ్యకండి. ఆ రోజు మాస్టారింట తిన్నారు కదా, కోనాం పులుసు. అది నా బుట్టలోదే. మాస్టారమ్మ ప్రతి ఆదివారం నా దగ్గరే తీసుకుంతాది. మరి సేప ఇంట్లోకి రావొచ్చు, సేపలమ్మ రాకూడదా?" అంది.

నాకు కోపం రాలేదు. రావలసింది సిగ్గు, అది పదకొండు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ సాయంత్రం గురువులు మావని చూడ్డానికి వెళ్లాను. ఆయన అప్పటికి మంచం మీద ఉన్నాడు, చూపు ఆనదు. అంతా చెప్పాను. తిన్న సంగతి కూడా చెప్పాను. ఆయన తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "మనం పసుపు రాసింది రాయి ఉండడానికి బాబూ, నువ్వు దాక్కోడానికి కాదు" అన్నాడు.

అమ్మవారి సాక్ష్యం

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ కేసులో పూజారే దారి చూపించాడు. ఫైలు తేలడం లేదని సంఘంవారే విసిగి, "కదలని గుర్తు నుంచి కాలనీ మొత్తం కొలిపించవలెను" అని రాసిచ్చారు. పాత రాళ్లన్నీ పోయాయని వాళ్లకి తెలుసు. గుర్తంటూ లేకపోతే తమ గోడే గుర్తవుతుందని ధీమా.

ఈసారి బుధవారం పెట్టుకున్నాను. రెండు సీసాల నీళ్లు తెచ్చుకున్నాను. మాస్టారు పిలిచారు, వద్దన్నాను. నూకాలమ్మ ఈసారి పిలవలేదు. కాలనీ అంతా సందులోకి వచ్చింది. సెల్‌ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు.

"మాస్టారూ, కదలని గుర్తు అన్నారు. అదేదో చూపించండి" అన్నాను.

ఆయన గోడ చూపించారు. గోడ నిన్నమొన్నటిది, ఒప్పుకోనన్నాడు కొలత కోసం విశాఖపట్నం నుంచి వచ్చిన పదిహేడో నంబరు యజమాని. రాళ్లు వెతికాం. ఒకటి నాలుగో ఇంట్లో బట్టలుతికే చోట దొరికింది, ఇంకోటి స్కూటరు ఎక్కడానికి ర్యాంపు కింద ఉంది. ఏదీ ఉన్నచోట లేదు. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

అప్పుడడిగాను. "మరి మీ అమ్మవారు, మాస్టారూ? ఎప్పుడైనా కదిలారా?"

"ఏంటండీ ఆ మాట. స్వయంభువు. కాలనీ పుట్టకముందు నుంచీ అక్కడే వెలసి ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. పలక మీద రాయించాను కూడా" అన్నారాయన.

"ఆ మాట పంచనామాలో రాసి సంతకం పెట్టగలరా?"

ఆయన రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద బీఏ, బీఈడీ అని కూడా పెట్టారు. తమ అమ్మవారి మహిమ సర్కారు కాగితమెక్కుతోందని మిగతా నలుగురూ తోసుకుంటూ సాక్షి సంతకాలు పెట్టారు. ఆ తరవాత నేను పాత పటం విప్పి అరుగు మీద పరిచాను. సందు మొదట్లో, ఎడమ అంచున, నా చేత్తోనే గీసిన చిన్న రాయి గుర్తు. "అమ్మవారి మహిమ చూడండి, మాస్టారూ. సరిగ్గా పటంలో రాయి గుర్తున్న చోటే వెలిశారు" అన్నాను.

గొలుసు అమ్మవారి దగ్గర నుంచి పెట్టాం. పదిహేడో నంబరు అంచుకి సరిగ్గా ఇరవై అడుగులు. అంగుళం తేడా లేదు. ఆరడుగులు అమ్మవారికీ మాస్టారి గోడకీ మధ్యనున్నాయి.

అమ్మవారు కదిలిందని మాస్టారు అనలేరు, స్వయంభువు ఉత్తదవుతుంది. కదల్లేదంటే గోడ సందులో ఉన్నట్టు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయారు. ఎవరో ముసలావిడ మాత్రం భక్తిగా ముందుకొచ్చి, ఇంత జరిగింది కదా అని అమ్మవారికి చెంబుడు నీళ్లు పోసింది. పై పసుపు కాస్త కరిగి, మూడు గీతల బాణం బయటపడింది. "తిరసూలం, తిరసూలం" అని అందరూ దణ్ణాలు పెట్టారు. నేనూ పెట్టాను. నేను పెట్టింది గురువులు మావకి.

రెండు రోజుల్లో పన్నెండు అభ్యంతరాలూ వెనక్కి తీసుకున్నారు. గోడల గురించి పట్టుబట్టవద్దని కూడా మర్యాదగా కోరారు. ఆ రెండు రోజుల్లోనే భూగర్భ జలాలు పెరిగాయి, పిచ్చుకలు తిరిగొచ్చాయి, పిల్లలకి ఏకాగ్రత కుదిరింది. గోడల మీద నేను రాసిన రిపోర్టుకి మా ఆఫీసరు తగు చర్యకి ఆదేశించాడు. గోడలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నాలుగు ముక్కలకీ అనుమతి మాత్రం వచ్చింది.

గృహప్రవేశం

నూకాలమ్మ గృహప్రవేశానికి పిలిచింది. వెళ్లేసరికి జగన్నాథం మాస్టారు మొదటి పంక్తిలో కూర్చుని భోంచేస్తున్నారు. మూడో ఇంటావిడ వంటశాలలో పులుసు రుచి చూస్తోంది. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు గదులు, ముందు చిన్న వరండా. గుమ్మానికి పసుపు రాసి ఉంది. ఆ పసుపు ముందుగా అమ్మవారికి పెట్టి తెచ్చిందట.

ఆ మాటతో నాకు ఉండబట్టలేదు. పక్కకి పిలిచి చెప్పేశాను. "నూకాలమ్మా, నువ్వు పూజచేసిన ఆ రాయి పాతింది నేనే. నేనూ మా గురువులు మావా. పసుపు రాసింది కూడా నేనే. అది ఉత్త హద్దురాయి. మొదటిరోజే నాకు తెలుసు. చెప్పలేకపోయాను." 

ఆమె తిట్టినా బావుండేది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎవులు పాతితే ఏటి బాబూ. మీకు కాళ్లున్నాయి, నోరున్నాది. దానికేవీ లేవు. అయినా పదకొండు నెల్లూ నా పక్కన నిలబడింది అదొక్కత్తే" అంది. అని, "కూకోండి, ఈరోజు కొలతల్లేవు కదా, తినొచ్చు" అని నా ముందు విస్తరి వేసింది.

కోనాం పులుసు పెట్టింది. మాస్టారింట్లో తిన్నదానికంటే బాగుంది. రెండోసారి అడగలేకపోయాను.